కాలరమ్మకు చుండ్రు

ఆ వీధిలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. లాండ్రీ షాపు తెరిచిన కొత్తలో ఎవరో కాలరమ్మ అన్నారు, అదే నిలిచిపోయింది. పేరు ఊరికే రాలేదు. ఎవరు బట్టలు తెచ్చినా ముందు చొక్కాను మెడ దగ్గర పట్టుకుని వెలుగుకేసి తిప్పి చూసేది. కాలరు లోపలి మడత చూస్తే చాలు, ఆ మనిషి ఒళ్లు ఎంత బాగా రుద్దుకుంటాడో, తలకు నూనె ఎంత పెడతాడో, ఇంట్లో అతన్ని పట్టించుకునేవాళ్లు ఉన్నారో లేదో చెప్పేసేది. చెప్పడమంటే చెవిలో కాదు. షాపులో నలుగురుంటే నలుగురికీ వినబడేలా చెప్పేది. జనం నవ్వేవారు. నవ్వులపాలైనవాడూ నవ్వేవాడు, ఏం చేస్తాడు మరి, ఆమెలా కోటుకు మడత తీసేవాళ్లు చుట్టుపక్కల లేరు.

భర్త ఉన్నప్పుడు ఉతుకు ఆయనది, ఇస్త్రీ ఈమెది. ఆయన పోయాక రెండూ ఈమె నెత్తిన పడ్డాయి. ఆ రెండిటితోనే కొడుకును పెంచి, బస్సుల డిపోలో మెకానిక్కును చేసింది. మురికంటే ఆమెకు పగ. చెమట మరకను క్షమించేది, ఎందుకంటే అది పనిచేసినవాడికి పడుతుంది. చుండ్రును మాత్రం క్షమించేది కాదు. చుండ్రంటే ఆమె లెక్కలో బద్ధకం, తల సరిగ్గా రుద్దుకోని ఒళ్లు బరువు భుజాల మీద రాలి పడటం.

ఆ మాట ఎక్కువగా పడినవాడు సందు చివర హోటల్లో వడ్డించే సర్వరు. వాళ్లకు యూనిఫాం నల్లకోటు. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లేముందు కోటు పట్టుకుని వచ్చి, బ్రష్ చేయించి, ఇస్త్రీ చేయించి తొడుక్కుని పోయేవాడు. మెత్తటి మనిషి. అతని కోటు భుజాల మీద ఎప్పుడూ తెల్లగా పొట్టు ఉండేది.

"ఏం నాయనా, టేబుళ్ల మీద వడ్డించింది చాలక భుజాల మీద కూడా వడ్డించుకున్నావా?" అనేది కాలరమ్మ.

"ఏం చేయమంటారమ్మా, నా తల అలాంటిది," అని అతను నవ్వేవాడు. ఆ నవ్వు చూసి అతనికి ఏమీ అనిపించదని ఆమె నమ్మింది. ఏళ్ల తరబడి నమ్మింది.

ఇక ఇంట్లో. కోడలు కాపురానికి వచ్చిన నెలలోనే కాలరమ్మ ముదురు నీలం దిండు గలీబు మీద పొట్టు చూసింది. ఆ పొద్దున ఏమీ అనలేదు. సాయంత్రానికి ఇంట్లో ఒక దువ్వెన వేరే మేకుకు వేలాడింది. కోడలి దిండుకు మూలన ఎర్రదారం కుట్టుపడింది, మిగతావాటితో కలవకుండా. కోడలి తువ్వాలు విడిగా నానేది, విడిగా ఆరేది. "అంటుకునే రకం ఇది, ఇల్లంతా పాకితే షాపుకెవరొస్తారు?" అంది కొడుకుతో. కొడుకు తల గోక్కుని, పెళ్లాంతో, "అమ్మ నోరంతేలే, పట్టించుకోకు," అన్నాడు. కోడలు పట్టించుకున్నట్టు కనబడలేదు. తనకు చూపించిన మేకుకే తన దువ్వెన తగిలించుకుంది. మనవరాలు పుట్టినప్పుడు, "తలకు గుడ్డ కట్టుకుని ఎత్తుకో అమ్మాయ్, పసిదాని మీద రాలుతుంది," అంది కాలరమ్మ. చూడటానికొచ్చిన చుట్టాలు మంచం చుట్టూ ఉన్నారు. కోడలు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, గుడ్డ కట్టుకుని బిడ్డను తీసుకుంది.

తర్వాత కోడలు బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్లో చేరింది. పొద్దున్నే వెళ్లి చీకటి పడేలోపు వచ్చేది. అత్తాకోడళ్ల మధ్య గొడవలంటూ లేవు. కావలసిన మాటలు మాట్లాడుకునేవారు, లేనివి మానేసేవారు. ఏళ్లు అలా గడిచి మనవరాలు ఆరో తరగతికొచ్చింది.

కాలరమ్మ కుడి చేయి వణకడం ఆ ఏడే మొదలైంది. ముందు ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ఇస్త్రీ పెట్టె మీద చేయి నిలవక, ఓ పెద్దమనిషి తెల్లచొక్కా జేబు మీద గోధుమరంగు మచ్చ పడింది. కొడుకు నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఇది వణుకుడు జబ్బని, మాత్రలతో అదుపులో ఉంటుందని, పని పూర్తిగా మానక్కర్లేదని ఆయన చెప్పాడు. బరువు బట్టలకు ఒక మనిషిని పెట్టుకుంది. కోట్లు మాత్రం ఎవరికీ వదల్లేదు.

చేయి మాట వినకపోవడంతో తలస్నానం పెద్ద పనైపోయింది. ఒక చేత్తో నీళ్లు పోసుకుని, ఒక చేత్తో రుద్దుకోవడం కుదిరేది కాదు. పైపైన తడుపుకుని వచ్చేసేది. కొన్నాళ్లకు నెత్తి దురద మొదలైంది. కనుబొమల్లో, ముక్కు పక్కల, చెవుల వెనక చర్మం ఎర్రబడి జిడ్డుగా పొలుసులు లేచింది. ఒక పొద్దున జాకెట్టు భుజం మీద చేయి వేసి చూసుకుంటే వేళ్లకు పొట్టు అంటింది.

ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. వంటింట్లో కోడలి చప్పుడు వినబడుతోంది. గబగబా దులుపుకుంది.

ఆ రోజునుంచి ఆమె బతుకు దొంగ బతుకైంది. ముదురు రంగు చీరలు బీరువా అడుక్కి పోయాయి. షాపులో తలకు గుడ్డ చుట్టుకుని, "ధూళి పడట్లేదమ్మా, తుమ్ములొస్తున్నాయి," అని అడగనివాళ్లకు కూడా చెప్పింది. నెత్తి పొడిబారిందనుకుని రోజూ కొబ్బరినూనె కుదురు కుదురుకూ పట్టించింది. పొట్టు ఇంకా ఎక్కువైంది. నిమ్మకాయ రుద్దింది. గీరుకున్నచోటల్లా భగ్గున మండి కళ్లలో నీళ్లు తిరిగాయి. దువ్వెన పళ్లతో గోకి గోకి, చెవి పైన పుండు చేసుకుంది. తన దిండు గలీబు తనే వణుకుతున్న చేత్తో ఉతుక్కుని, మేడమీద ఓ మూల ఆరేసుకునేది. కొడుకు, "అవన్నీ నీకెందుకమ్మా, మిషన్లో పడేయ్," అంటే కసిరింది. స్నానాల గదిలో కూర్చుని ఒకటే అనుకునేది. ఇన్నేళ్లు ఊరందరి మెడలూ చూసిన నేను, నా నెత్తిన ఇది పెట్టుకుని ఏ మొహంతో కౌంటరు వెనక నిలబడను?

నిలబడింది, మొండిమనిషి కదా. ఆ మధ్యాహ్నం షాపులో రద్దీగా ఉంది. కర్టెన్లు ఇవ్వడానికొచ్చిన ఒకావిడ, పెళ్లి సూటు కోసం వచ్చిన తండ్రీకొడుకులు, తన వంతు కోసం గోడకు ఆనుకుని సర్వరు. ఉక్కపోతకు తలగుడ్డ తడిసి దురద పెడుతుంటే, సర్వరు కోటు బల్ల మీద పరుస్తూ కాలరమ్మ దాన్ని తీసి పక్కన పెట్టింది. కోటు బ్రష్ చేసింది, వంగి కాలరు మీద, భుజాల మీద ఆవిరి పట్టింది, హ్యాంగరుకు తగిలించింది. అలవాటు కొద్దీ వెలుగుకేసి తిప్పింది. భుజం మీద తెల్లగా పొట్టు.

నోరు దానంతటదే లేచింది. "చూశారూ, ఇంతసేపు బ్రష్ చేశానా, అయినా పోలేదు. ఏం నాయనా, తలకు నీళ్లు చూపించి ఎన్నాళ్లయింది?"

తండ్రీకొడుకులు నవ్వారు. సర్వరు నవ్వలేదు. దగ్గరికొచ్చి, బల్ల మీదకు వంగి, ఆమెకు మాత్రమే వినబడాలన్నట్టు గొంతు తగ్గించి చెప్పాడు.

"అమ్మా, అది నాది కాదు. మీరు వంగినప్పుడు పడింది."

అతను ఎంత మెల్లగా అన్నా, షాపు చిన్నది. నవ్వు ఆగిపోయింది. కాలరమ్మ చేయి తలమీదికి పోయింది, గుడ్డ లేదు. బల్ల మీద, తను వంగినచోట, నల్లటి ఇస్త్రీ దుప్పటి మీద కూడా రాలి ఉంది. కర్టెన్లావిడ కౌంటరు మీద పెట్టిన తన సంచీని తన వైపుకు కొంచెం జరుపుకుంది, అంతే. ఆ జరుపుకోవడం కాలరమ్మ చూసింది. తల కొట్టేసినట్టయింది.

సర్వరే బ్రష్ అందుకుని, కోటు భుజం తనే దులుపుకుని తొడుక్కున్నాడు. "వస్తానమ్మా," అని ఎప్పటిలాగే చెప్పి వెళ్లాడు. అతను కోపంగా వెళ్లినా బాగుండేది.

మర్నాడు ఆమె షాపుకు పోలేదు. జ్వరమంది. ఆ తర్వాతి రోజూ జ్వరమే. కొడుకు నుదురు ముట్టుకుని, "చల్లగానే ఉందే," అన్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

ఆదివారం కోడలికి సెలవు. పొద్దున్నే స్నానాల గదిలో స్టూలు వేసిన చప్పుడైంది. కోడలు తలుపు దగ్గరికొచ్చి నిలబడింది, చేతిలో ఒక సీసా ఉంది.

"లేవండి అత్తయ్యా. తల రుద్దుతాను."

"నాకేం వద్దు. జ్వరంగా ఉంది."

"జ్వరం లేదు. మేడమీద మీ గలీబులు నేను చూడట్లేదనుకుంటున్నారా?" అంది కోడలు. గొంతులో ఎగతాళి లేదు. ఫ్యాక్టరీలో పెట్టె మూత సరిగా పడిందో లేదో చూసే గొంతు అది. "నీళ్లు చల్లారిపోతాయి."

కాలరమ్మ లేచి వెళ్లి స్టూలు మీద కూర్చుంది. గోరువెచ్చటి నీళ్లు తలమీద పడ్డాయి. కోడలి వేళ్లు జుట్టును పాయలుగా విడదీసి, సీసాలోని మందు షాంపూను నెత్తికి పట్టించాయి. కనుబొమలకు, చెవుల వెనక్కు కూడా కొంచెం కొంచెం రాశాయి.

"గోళ్లతో గోకకండి. ఇక్కడ పుండు చేసుకున్నారు. నూనె ఆపేయాలి, నిమ్మకాయ కూడా. ఈ మందు జుట్టుకు కాదు, చర్మానికి పట్టాలి. ఇక ఐదు నిమిషాలు కదలకండి. వెంటనే కడిగేస్తే పనిచేయదు."

కోడలు బకెట్టు బోర్లించి ఎదురుగా కూర్చుంది. నురగ నుదుటి మీదికి జారుతుంటే కళ్లు మూసుకుని కాలరమ్మ అడిగింది.

"ఇదంతా నీకెలా తెలుసు?"

"నేను వాడాను కదా."

"ఎప్పుడు?"

"ఫ్యాక్టరీలో చేరిన కొత్తల్లో. మాకు టోపీలుంటాయి. సూపర్‌వైజరు నా టోపీ అంచున చూసింది. పక్కకు పిలిచి, డాక్టరమ్మ దగ్గరికి వెళ్లమంది. ఉద్యోగం పోయిందనుకుని నేను ఆవిడ ముందు ఏడుపు మొదలెట్టాను. నీకేదో మహారోగం వచ్చినట్టు ఏడుస్తావేం అంది." కోడలు సీసా మూత బిగించింది. "డాక్టరమ్మే చెప్పింది, అందరి నెత్తి మీదా కంటికి కనబడని బూజులాంటిదొకటి ఉంటుందట. మన చర్మంలో ఊరే జిడ్డు తిని బతుకుతుందట. చాలామందికి దానితో ఏమీ కాదు. కొందరి చర్మానికి పడదు. అప్పుడు చర్మం తొందర తొందరగా ఊడి పొట్టు రాలుతుంది. మురికి వల్ల రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. మీకు నరాల జబ్బుంది కదా, అలాంటివాళ్లకు ముఖం, నెత్తి ఎక్కువ జిడ్డు ఊరుతాయట, ఇది తరచుగా వస్తుందట. మొన్న ఆ డాక్టరమ్మనే అడిగి ఈ సీసా తెచ్చాను."

"అంటుకోదా?"

"అంటుకునేదైతే మీ అబ్బాయికి ఎప్పుడో రావాలి అత్తయ్యా."

నీళ్లు నేలమీద జారి తూములోకి పోతున్న చప్పుడు వినబడుతోంది.

"మరి నీకు తగ్గిందా?" అంది కాలరమ్మ.

"పాప బడికి పోకముందే తగ్గింది. చలికాలంలో, డ్యూటీలు ఎక్కువై నిద్ర లేనప్పుడు మళ్లీ కొంచెం వస్తుంది. వారానికి రెండుసార్లు రుద్దుకుంటే సర్దుకుంటుంది. పూర్తిగా పోయే రకం కాదిది, కనిపెట్టుకుని ఉండాలంతే."

పాప ఇప్పుడు ఆరో తరగతి. కాలరమ్మ మనసులో ఆ ఏళ్లన్నీ కదిలాయి. వీధిలో ఎవరి మెడ ఎలా ఉందో చెప్పగలిగిన తను, ఒకే ఇంట్లో ఉన్న కోడలి తల వంక ఇన్నేళ్లలో మళ్లీ చూడనే లేదు. మొదటి నెలలో చూసింది, తీర్పు చెప్పింది, అంతే. ఆ మేకు, ఆ ఎర్రదారం, ఆ విడి తువ్వాలు అలాగే నడిచిపోయాయి.

"తగ్గిందని ఒక్కమాట చెప్పలేదేం అమ్మాయ్?"

కోడలు లేచి చెంబు అందుకుంది.

"చెబితే మీరు నా తల వంచి, వెలుగుకేసి తిప్పి చూసేవారు. అది నాకిష్టం లేదు."

కాలరమ్మకు ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కింది. తడిచీరలో, నురగ నెత్తితో, చేయి ఆగకుండా వణుకుతుంటే, ఇంతకంటే చిన్నగా ఎవరి ముందూ ఎప్పుడూ కూర్చోలేదు. కళ్లు తెరిస్తే మందు పడుతుంది, తెరవకపోతే కోడలి ముఖం కనబడదు. మూసుకునే అంది.

"తప్పయిపోయిందే. నేను..."

"నీళ్లు పోస్తున్నాను. నోరు మూయండి, నురగ లోపలికి పోతుంది."

నీళ్లు పడ్డాయి. చెంబు తర్వాత చెంబు, నురగంతా పోయేదాకా. కోడలు తువ్వాలు తెచ్చి, రుద్దకుండా మెల్లగా అద్ది తల తుడిచింది. అప్పుడు అంది, వెనక నిలబడే.

"విన్నాను అత్తయ్యా. దువ్వెనలూ దిండ్లూ నేను ఎప్పుడో వదిలేశాను. పాపను ఎత్తుకునేటప్పుడు అందరి ముందూ తలకు గుడ్డ కట్టించారు చూడండి, అదొక్కటి నావల్ల కావట్లేదు. ప్రయత్నించాను."

కాలరమ్మ తల ఊపింది.

ఆదివారం, బుధవారం అలా సాగింది. దురద ముందు తగ్గింది, ఆ తర్వాత పొట్టు. కనుబొమల ఎరుపు పోయింది. మధ్యలో ఒకరోజు కాలరమ్మ కోడలి దువ్వెన తీసి అందరివీ ఉండే గూట్లో పెట్టబోతే, కోడలు, "ఉండనివ్వండి. ఎవరి దువ్వెన వాళ్లకుంటే నష్టమేముంది? నాకదే అలవాటైపోయింది," అంది. ఏదో గొప్ప పని చేయబోయినట్టు లేచిన చేయి గాలిలోనే ఆగిపోయింది. కాలరమ్మ దాన్ని మళ్లీ మేకుకే తగిలించింది.

షాపు తెరిచింది. కర్టెన్లావిడ కూడా వచ్చింది, ఏమీ జరగనట్టే మాట్లాడింది. సర్వరు రాలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి కాలరమ్మ చూపు గుమ్మం మీదికి పోయేది. ఒకరోజు అతను ఇస్త్రీ చేసిన కోటు చేతిమీద వేసుకుని, వీధికి అవతలి పక్కనుంచి నడుస్తూ కనబడ్డాడు. ఇటు చూడలేదు. మెయిన్ రోడ్డు మీద ఇంకో షాపుంది, అక్కడ చేయించుకుంటున్నాడు. వాళ్లు కాలరు కొన సరిగా నొక్కరు, దూరం నుంచే తెలిసిపోయింది ఆమెకు.

నాలుగు రోజులు ఆలోచించి, ఓ సాయంత్రం కొడుక్కు చెప్పకుండా హోటలు వెనక గేటు దగ్గరికి వెళ్లింది. కూరగాయల బుట్టలు దించుతున్నచోట నిలబడి, అతన్ని పిలవమంది. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆమెను చూసి కంగారుపడ్డాడు.

"ఏమ్మా, ఇక్కడిదాకా వచ్చారు? కూర్చోండి, కుర్చీ తెప్పిస్తాను."

"కూర్చోవడానికి రాలేదు నాయనా. ఇన్నేళ్లూ నలుగురిలో నిన్ను అన్నాను. అనకూడనిది అన్నాను. నీకొక మందు షాంపూ చెబుదామని కూడా..." సంచీలోంచి సీసా తీయబోయింది. చేయి వణికి మూత గలగలలాడింది.

అతను సీసా వంక చూసి చిన్నగా నవ్వాడు. "అదే వాడుతున్నానమ్మా, పెళ్లి కాకముందు నుంచి. అది మానేసి వేరేది, వేరేది మానేసి మళ్లీ అది. కొన్నాళ్లు ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. వంటింటి వేడికి, చెమటకు, మాలాంటివాళ్లకు అంతే."

అంటే అతను బద్ధకస్తుడు కాడు. తను నవ్వించిన ప్రతి మధ్యాహ్నానికీ ముందు, అతను ఇంట్లో తల రుద్దుకునే వచ్చాడు. కాలరమ్మ సీసా సంచీలో పెట్టేసుకుంది.

"మళ్లీ షాపుకు రా నాయనా."

"మీమీద కోపం లేదమ్మా. అక్కడ అలవాటైంది, దారిలో పడుతుంది," అన్నాడు. అక్కడివాళ్లు ఏమీ అనరని అతను చెప్పలేదు. లోపలినుంచి ఎవరో పిలిచారు. ఆమెను రోడ్డు దాకా దింపి, దాటేటప్పుడు జాగ్రత్త అని చెప్పి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చేసరికి కోడలు డ్యూటీ నుంచి వచ్చి ఉల్లిపాయలు తరుగుతోంది. కాలరమ్మ గడప మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది, సీసా సంగతితో సహా. కోడలు కత్తి ఆపకుండా విన్నది.

"వెళ్లకుండా ఉండాల్సింది," అంది.

"తప్పు ఒప్పుకోవడం కూడా తప్పేనా?"

"తప్పని కాదు. పనిచేసేచోటికి వెళ్లి, తోటివాళ్లు చూస్తుంటే చుండ్రు సీసా తీశారు. ఇప్పుడు లోపల వాళ్లంతా అడుగుతారు, ఆవిడెవరు, ఎందుకొచ్చిందని. ఆయన ఏం చెప్పుకోవాలి?"

కాలరమ్మకు ఆ సంగతి తట్టనే లేదు. బుట్టలు దించుతున్న ఇద్దరు కుర్రాళ్లు తమవైపే చూడటం ఇప్పుడు గుర్తొచ్చింది. రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఎంత సరిచేద్దామన్నా తన చేయి పడినచోటల్లా ఇంకో మచ్చ పడుతోంది.

కోడలు తరిగిన ముక్కలు పక్కకు జరిపి, చేతులు కడుక్కుంది.

"బుధవారం కదా ఇవాళ," అంది. "రండి, వంటకు ముందే కానిచ్చేద్దాం."

కాలరమ్మ గోడ పట్టుకుని లేచింది. కోడలు రెండో చేయి పట్టుకుంది.